‘వగైరా’ అనే పట్టాదారు

అడంగల్ అన్న మాట తమిళులది. అడంగుట అంటే ఇముడుట. మన అడఁగు, అణఁగు అనే ధాతువులకు తోబుట్టువు. ఊరి భూమి అంతా ఇమిడిన పుస్తకం కనుక అది అడంగల్ అయింది. అదే పుస్తకాన్ని తెలంగాణలో పహాణీ అంటారు. అది మరాఠీలో ‘చూచుట’ అని అర్థమిచ్చే క్రియనుండి పుట్టిన మాట. పొలాన్ని కంటితో చూచి వ్రాసినది అని భావం. జమాబందీ తురకల కాలం నాటిది. పోరంబోకు మళ్ళీ అఱవమే, శిస్తు లెక్కకు వెలుపల పోయినది అని. పట్టా, ఖాతా ఉత్తరాదినుండి దిగి మన ఊళ్ళలో కాపురం పెట్టినవి. ఇన్ని భాషల నడుమ అచ్చంగా మనవి అనదగినవి చెఱువు, వాగు, దిబ్బ, మెట్ట వంటివి కొన్ని. నేలకు పేర్లు మనవి, లెక్కకు పేర్లు మాత్రం వచ్చినవాళ్ళందఱివీ.

ఛందస్సు గురించో శతకాల గురించో వ్రాయవలసిన పండితుడు భూమి లెక్కల జోలికి ఎందుకు వచ్చాడా అని బ్లాగ్మిత్రులకు అనిపించవచ్చు. నాకై నేను రాలేదు. ఉన్నత పాఠశాలల్లో ముప్పై మూడేళ్ళు తెలుగు చెప్పి, విరమించి, నాయుడుపేటలో స్థిరపడిన నాటినుండి చుట్టుపక్కల పల్లెలవాళ్ళు ప్రాత కాగితాలు పట్టుకొని మా అరుగెక్కుతున్నారు. కారణం ఒక్కటే: కరణాల గొలుసుకట్టు వ్రాత చదవగలిగినవాళ్ళు తరిగిపోయారు. మా మాతామహులు కరణీకం చేసినవారు. చిన్ననాడు వారి ప్రక్కన కూర్చుండి, కలం ఎత్తకుండా ఒక తలకట్టునుండి మఱొక తలకట్టుకు సాగిపోయే ఆ వ్రాతను చదవడం నేర్చుకున్నాను. అందులో నకారానికీ సకారానికీ తేడా పోల్చుకోవాలంటే ముందు ఆ కరణంగారి చేతివాటం ఎఱిగి ఉండాలి. “అయ్యవారూ, ఈ ముక్క ఏందో చదివి జెప్పండి సామీ” అని అడుగుతారు, చదివి చెప్తాను. అలా చెప్పగా చెప్పగా నాకు బోధపడినదేమంటే, వాళ్ళ చిక్కు చాలాసార్లు కాగితంలో లేదు. ఆ కాగితం సంగణకంలోకి ఎక్కిన తీరులో ఉంది.

ఒక ఎకరం పొలం ఈనాడు ఎన్ని దత్తాంశనిధులలో నివసిస్తున్నదో గమనించండి. రెవెన్యూ శాఖవారి 1-బి ఆ భూమి ఎవరి పేర ఎంత ఉన్నదో చెప్తుంది. అదే శాఖవారి అడంగల్ అందులో ఎవరు ఏమి సాగుచేస్తున్నారో చెప్తుంది. పొలం ఆకారమూ గట్ల కొలతలూ సర్వే శాఖవారి క్షేత్రపటాల పుస్తకంలో, అంటే అందఱూ ఎఫ్.ఎం.బి. అనే దానిలో ఉంటాయి. ఎవరు ఎవరికి అమ్మారు, ఎవరు తాకట్టు పెట్టారు అన్నది రిజిస్ట్రేషన్ శాఖవారి ఈసీలో ఉంటుంది. ఏ భూమిని రిజిస్టరు చేయకూడదో చెప్పే 22-ఎ జాబితా కూడ సబ్ రిజిస్ట్రారు తెఱ మీదనే కనిపిస్తుంది, కాని దానిని వ్రాసి పంపేవారు వేఱే శాఖలవారు. ఇక 1-బికి తాళంచెవి ఖాతా సంఖ్య, క్షేత్రపటానికి సర్వే సంఖ్య, దస్తావేజుకు ఆ కార్యాలయంలో ఆ ఏటి వరుస సంఖ్య. ఒక తల్లి బిడ్డలే నలుగురు నలుగు ఇంటిపేర్లు చెప్పుకుంటూ ఒకే పెళ్ళికి వచ్చినట్లు ఉంటుంది వ్యవహారం.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే కొంచెం వెనుకకు పోవాలి. మద్రాసు రాజధానిలో గొలుసు పట్టి పొలాలను క్రమపద్ధతిలో కొలవడం 1858లో మొదలయింది. చిత్రమేమంటే అదే 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్ అనే ఆయన, భూమి మీద హక్కుకు ప్రభుత్వపు పుస్తకమే పూచీగా నిలిచే చట్టాన్ని తెచ్చాడు. ఇక్కడ కొలిచింది శిస్తు కోసం, అక్కడ నమోదు చేసింది హక్కు కోసం. మన పుస్తకాలన్నీ ‘ఈ చేనికి పన్ను ఎవరు కడతారు’ అన్న ప్రశ్నకు జవాబులుగా పుట్టాయి. ‘ఈ చేను ఎవరిది’ అన్న ప్రశ్న వాటిని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాము, అవి తడబడుతున్నాయి.

రైత్వారీ గ్రామాలకు మూలం రీసెటిల్మెంటు రిజిస్టరు. రెండు భాషల్లో అచ్చయిన పుస్తకం కనుక దానికి డైగ్లాట్ అని పేరు. పల్లెల్లో డైక్లాట్ అంటారు, ఆ మాట ఏ భాషదో ఎవరికీ పట్టలేదు. మా ప్రాంతంలోనేమో అనేక గ్రామాలు వేంకటగిరి జమీందారీలోనివి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత అటువంటి ఊళ్ళలో సెటిల్మెంటు జరిపి, ఫెయిర్ అడంగల్ అని క్రొత్త పుస్తకం వ్రాశారు. కాబట్టి ప్రక్కప్రక్కన ఉన్న రెండు ఊళ్ళకు మూలగ్రంథాలే వేఱు. గడులు వేఱు, పరిభాష వేఱు. వీటన్నిటినీ ఒక్క పట్టికలో పోయవలసి వచ్చినప్పుడు ఏ గడిలోనిది ఏ గడిలో పడిందో పోసినవాడికి తప్ప తెలియదు.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. వంశపారంపర్యపు పెత్తనం పోవలసినదే; తాతగారి మీద నాకెంత ప్రేమ ఉన్నా అది అన్యాయమని అనలేను. అయితే ఆ నెలలో పుస్తకాల కట్టలు చేతులు మాఱాయి, కొన్నిచోట్ల మాఱలేదు కూడ. మా తాతగారి ఇంటినుండి వెళ్ళిన కట్టలను నేనే బండిలోకి ఎత్తాను. ఎఱ్ఱ గుడ్డలో చుట్టి, ఏ కట్టలో ఏ ఫసలీది ఉన్నదో పైన వ్రాసి పంపారాయన. ఆ కట్టలతో వెళ్ళనిది ఒకటి ఉంది. ఫలానా చేనుకు పేరు ఒకరిదైనా తినేది ఇంకొకరని, ఫలానా ఇద్దఱు అన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్నారని, ఫలానా గట్టు రెండు గజాలు జరిగిందని, ఇవన్నీ ఆయన తలలో ఉండిపోయాయి.

తరువాత సంగణకాలు వచ్చాయి. 1998 నవంబరు 4న రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ అనే పథకం ఉమ్మడి రాష్ట్రంలో 214 కార్యాలయాల్లో మొదలయింది. అంతకుముందు ఈసీకి దరఖాస్తు పెట్టి రోజుల తరబడి తిరిగేవాళ్ళు. దాని తరువాత నిమిషాల్లో చేతికి వచ్చేది. అది గొప్ప మేలు, కాదనరాదు. రెవెన్యూ పుస్తకాలు మాత్రం వేఱే త్రోవలో, వేఱే చేతుల మీదుగా, వేఱే సాఫ్టువేరులోకి ఎక్కాయి. 2015లో మీభూమి అనే జాలస్థలం ద్వారా అడంగల్‌ను ఇంట్లో కూర్చుండి చూచుకొనే వీలు కలిగింది. మా తాతగారు బ్రతికి ఉంటే ఆ తెఱను చూచి ఏమనేవారో! ఊరివాళ్ళందఱూ ఎవరి భూమినైనా చూడవచ్చుననగానే ఆయనకు కొంత కష్టంగానే ఉండేదేమో. రెండు శాఖలూ ఒకే చేనును వేర్వేఱుగా టైపు చేసినందువల్ల ఆ చేనుకు రెండు జన్మలు కలిగాయి. రెంటికీ జాతకాలు కలవవు.

ఇప్పుడు వగైరా దగ్గఱకు వస్తాను.

మా పెదనాన్నగారి పెద్దకోడలు, నాకు వదినగారు, స్వర్ణముఖి గట్టున ఒక పల్లెలో ఉంటారు. డెబ్బై దాటాయి. అన్నగారు పోయి పదేళ్ళయింది. ఆమెకున్నది ఒక ఎకరం ఎనభై నాలుగు సెంట్లు. 2023లో మనుమరాలికి నర్సింగు చదువులో చోటు దొరికింది. రుసుముకోసం నలభై సెంట్లు అమ్మాలని నిశ్చయించుకున్నారు. కొనేవాడు కుదిరాడు, బయానా ఇచ్చాడు. తీరా కాగితాలు తీయగా, 1-బిలో వదినగారి పేరు లేదు, అన్నగారి పేరూ లేదు. ఎప్పుడో పోయిన మా పెదనాన్నగారి పేరు ఉంది. తండ్రి పేరు ఉండవలసిన గడిలో ‘వగైరా’ అని ఉంది.

వగైరా అరబ్బీ మాట. ‘వ’ అంటే మఱియు. ‘గైర్’ అంటే ఇతరము, మన గైరుహాజరులో ఉన్న గైరే. ‘మఱియు ఇతరులు’ అని అర్థం. ఉమ్మడి కుటుంబపు భూమికి కరణాలు పెద్దవాడి పేరు వ్రాసి ప్రక్కన వగైరా అని చేర్చేవారు. ఆ వగైరాలో ఎవరెవరున్నారో ప్రక్క పుటలో వేఱే వ్రాసుకునేవారు. మా వంశంలో ఆ వగైరా అంటే ఇద్దఱు: మా చిన్నాన్నగారు, మా నాన్నగారు. అంటే నేను కూడ ఒక విధంగా వగైరా సంతానమే. నాన్నగారు తమ భాగం ఏనాడో అమ్ముకున్నారు, ఆ అమ్మకం ఈసీలో భద్రంగా ఉంది. 1-బికి మాత్రం ఆ కబురు అందలేదు.

పేరు గడిలో రెండు మాటలు ఉంటే రెండవ మాటను తండ్రి పేరనుకొని ప్రక్క గడిలోకి తోసి ఉంటారు, చేసినవాడు మనిషో యంత్రమో తెలియదు. ఆ పల్లె పట్టికలో ఒక్క పుటలో నేను లెక్కపెట్టినవే ఏడు, తండ్రి పేరు వగైరా. ఆ ఏడుగురూ కులగోత్రాలు వేఱైనవాళ్ళు. నవ్వుకున్నాను కాని, వదినగారి ముఖం చూచి నవ్వు ఆపుకున్నాను. ‘మైనరు’ అన్న మాట కూడ అంతే. నలభై ఏళ్ళనాడు మైనరుగా వ్రాయబడినవాడు ఇప్పుడు మనుమలతో వచ్చి నిలబడితే, పుస్తకంలో ఇంకా మైనరే. పిల్లవాడి వయస్సు పెరుగుతుందన్న సంగతి ఆ గడికి ఎవరూ చెప్పలేదు.

ఇక అక్షరాల సంగతి. ఈ విషయంలో పండితుడిగా నాకు కొంత అధికారం ఉన్నదనుకుంటాను. ప్రాత పుస్తకాల్లో చెఱువు అని బండి ఱతో ఉంటుంది. క్రొత్త పట్టికలో కొన్ని వరుసల్లో చెఱువు, కొన్ని వరుసల్లో చెరువు. మనిషి రెంటినీ ఒకటిగానే చదువుతాడు. యంత్రానికి అవి రెండు మాటలు. చెరువు అని వెదికితే చెఱువు రాదు. ఊళ్ళో ఉన్న చెఱువుల విస్తీర్ణమెంత అని అడిగితే సగం నీళ్ళే కనిపిస్తాయి. శకటరేఫను బడిలో నేను ఎంత గట్టిగా నిలబెట్టానో నా శిష్యులకు తెలుసు, ఈ టపాలో కూడ వదలలేదు. అయినా వెదుకులాటలో మాత్రం ర, ఱ లను ఒకటిగా చూడవలసిందే. వ్రాతలో ఉన్నది ఉన్నట్లు ఉంచాలి, వెదికేటప్పుడు ఉదారంగా ఉండాలి.

పెంచలయ్య అనే పేరునే తీసుకోండి. పెంచలకోన నరసింహస్వామి వల్ల మా వైపు ఇంటికొకరు ఉంటారు. పాసుపుస్తకంలో తెలుగులో పెంచలయ్య. ఆధార్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో ఒక విధంగా, బ్యాంకులో మఱొక విధంగా. ఇంగ్లీషునుండి మళ్ళీ తెలుగులోకి తెచ్చేసరికి పెంచాలైయా. ణ, ళ, శ ఇంగ్లీషు వాకిలి దాటి బయటికి వచ్చేటప్పటికి న, ల, స అయి వస్తాయి. సంకేతాల లోతుకు పోతే ఇంకొక విడ్డూరం: యూనికోడులో ఐత్వాన్ని ఒక్క సంకేతంగానూ నిలువచేయవచ్చు, ఎత్వమూ దాని క్రింది గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ నిలువచేయవచ్చు. కంటికి రెండూ ఒకటే. ముందుగా వాటిని ఏకరూపానికి తేకుండా పోల్చే యంత్రానికి ఒక కైలాసయ్య ఇద్దఱు కైలాసయ్యలు అవుతారు. యూనికోడుకు పూర్వపు ఖతులలో టైపు చేసి తరువాత మార్చిన దత్తాంశం గతి చెప్పనే అక్కఱలేదు. ఆ బాధలు పడిన మిత్రులు మీలో చాలామంది ఉన్నారు.

సర్వే సంఖ్యల ఉపవిభాగాలదీ ఇదే తంతు. 142/2ఎ అని ఒకరు, 142-2అ అని ఒకరు, 142/2-ఎ అని ఇంకొకరు. స్ప్రెడ్‌షీటులో సరిగా కట్టడి చేయకుండా 12/1 అని కొట్టి చూడండి, అది చేను కాదు, తేదీ అంటుంది. ఉపవిభాగం ఉన్న గడి ఖాళీగా వదిలితే వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది. వదినగారి మీద పడ్డ రెండవ పిడుగు అదే.

రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ అనే నిబంధనను మన రాష్ట్రం 2007లో చేర్చుకుంది. ప్రభుత్వ భూములు, అసైన్డు భూములు, దేవాలయాలవీ వక్ఫువీ, సీలింగు మిగులు భూములు అమ్ముడుపోకుండా కాపాడడం దాని ఉద్దేశం. మంచిదే. ఆ జాబితాలు ఎలా తయారు కావాలో, ఎలా సవరించాలో 2015లో హైకోర్టు పూర్తి ధర్మాసనం వివరంగా చెప్పవలసి వచ్చిందంటేనే గొడవ ఎంత ముదిరిందో ఊహించవచ్చు. వదినగారి చేనున్న సర్వే సంఖ్యలో రెండు భాగాలున్నాయి. ఒకటి పట్టా, రెండవది చెఱువు పోరంబోకు. జాబితాలోకి వెళ్ళవలసింది రెండవ భాగమే. జాబితా తయారుచేసిన కార్యాలయం ఏదైతేనేమి, అందులో ఉపవిభాగం వ్రాయలేదు, వట్టి సర్వే సంఖ్య వ్రాశారు. దానితో మొత్తం సంఖ్య నిషిద్ధమయింది. ఆమె చేను చెఱువయింది. సబ్ రిజిస్ట్రారు తప్పు కూడ కాదు. ఆయన చేతిలో పొలం లేదు, తెఱ ఉంది. తెఱ వద్దంటే ఆయన సంతకం చేయలేడు.

ఈ సందర్భంలోనే చుక్కల భూముల కథ కూడ చెప్పాలి. రీసెటిల్మెంటు నాడు కొన్ని చేలకు పట్టాదారు ఎవరో తేలక, ఆ గడిలో పేరు వ్రాయకుండా వరుసగా చుక్కలు పెట్టి వదిలారు. మా వ్యాకరణంలో బిందువుకు స్థానమూ అర్థమూ ఉన్నాయి, పూర్ణమో అర్ధమో తేలిపోతుంది. రెవెన్యూ చుక్కకు మాత్రం ఎవరికి తోచిన అర్థం వారు చెప్పారు. రైతు ‘నా పేరు వ్రాయడం మఱచారు’ అన్నాడు, ప్రభుత్వం ‘ఎవరి పేరూ లేదు కనుక నాది’ అన్నది. సంగణకంలోకి ఎక్కేటప్పుడు చుక్కలకు గడి లేదు. చాలా వరకు నిషేధపు వరుసలో చేరిపోయాయి. తరతరాలుగా దున్నుకుంటున్నవాళ్ళు అమ్ముకోలేరు, బ్యాంకులో పెట్టుకోలేరు. దీనికోసమే 2017లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు, పన్నెండేళ్ళకు పైబడిన అనుభవాన్ని ఋజువు చేసుకుంటే పేరు చేర్చుకోవచ్చునని. 2023 మేలో కావలిలో జరిగిన సభలో సుమారు రెండు లక్షల ఎకరాల చుక్కల భూములను నిషేధంనుండి విడిపిస్తున్నట్లు ప్రకటించారు. ఒక గుమాస్తా కలం కొసన పడిన నాలుగు చుక్కలకు శాసనసభ కూర్చుండి భాష్యం వ్రాయవలసి వచ్చింది.

మా ఊరి చిక్కు ఇంకొకటుంది, ఇది చాలామందికి తోచి ఉండదు. నాయుడుపేట నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరింది. ఇళ్ళ స్థలాలను మేము అంకణాల్లో కొలుస్తాము. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు. తిరుపతి అంకణం 36. ఒకే మాట, సరిగ్గా రెట్టింపు తేడా. ప్రాత దస్తావేజులో నలభై అంకణాలని ఉంటే, ఊరు జిల్లా మాఱినంత మాత్రాన స్థలం కుంచించుకుపోదు కదా. అయినా దత్తాంశాన్ని జిల్లాల వారీగా సర్దేవాడు జిల్లా పేరు చూచి గుణకారం చేస్తే ఏమవుతుంది? అంకణం ప్రక్కన అది ఏ నాటిదో, ఏ సీమదో వ్రాసి ఉండాలి. కొలత ఒక్కటే చాలదు, కొలబద్ద కూడ నిలువలో ఉండాలి.

ఈ చిక్కులన్నీ విప్పడానికి ఒకే సంఖ్య చాలునన్న ఆలోచన ఎప్పటినుండో ఉంది. 2018లో మన రాష్ట్రంలో ప్రతి భూఖండానికి పదకొండు అంకెల సంఖ్య ఇస్తామని, దానికి భూధార్ అని పేరు పెట్టారు. ఆధార్‌కు ప్రాస కుదిరిందని సంతోషించారు కాని, భూధరమంటే కొండ అని పెట్టినవారికి ఎవరూ చెప్పినట్లు లేదు. తవ్వవలసింది కొండంత ఉన్నదన్న సూచన అందులో అనుకోకుండా అమరింది. కేంద్రం 2021లో పదునాలుగు అంకెల సంఖ్యను తెచ్చింది. 2020 డిసెంబరు 21న కృష్ణా జిల్లా తక్కెళ్ళపాడులో సమగ్ర రీసర్వే మొదలయి, డ్రోన్లతో ఊరూరా చేలను మళ్ళీ కొలిచారు. సర్వే సంఖ్యల స్థానంలో ఎల్.పి.ఎం. సంఖ్యలు వచ్చాయి. కొలవడం మంచిదే, వందేళ్ళనాటి గొలుసు కొలతను ఎంతకాలం నమ్ముతాం? కాని కొన్ని ఊళ్ళలో నలుగురి చేలు కలిపి ఉమ్మడి సంఖ్య ఇచ్చారు. విస్తీర్ణాలు తగ్గాయని గోల పుట్టింది. 2023 అక్టోబరు 31నుండి అమలులోకి వచ్చిన భూ హక్కుల చట్టం మీద భయాలు చెలరేగి, 2024లో అది రద్దయింది. రాజకీయం నాకు వద్దు. నేననేది ఒక్కటే: ఇంటిలో ఉన్న 1962 నాటి దస్తావేజు 142/2 అంటుంది, క్రొత్త పుస్తకం ఇంకేదో సంఖ్య అంటుంది. ఈ రెంటినీ కలిపే పట్టిక ప్రతి ఊరి సచివాలయంలోనూ గోడకు వ్రేలాడుతూ ఉండాలి. అది లేని రీసర్వే, పీఠిక పోయిన నిఘంటువు వంటిది.

తెలంగాణలో మఱొక పాఠం దొరుకుతుంది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. రిజిస్ట్రేషనూ పేరు మార్పూ ఒకే చోట, ఒకే పూట, ఈ ఆలోచన ఎంత చక్కనిదో వదినగారి వెంట తిరిగినవాడికి తెలుస్తుంది. కాని అందులో అనుభవదారు గడి తీసివేశారు. ప్రాత పహాణీలో పట్టాదారు ఎవరు, నిజంగా దున్నేది ఎవరు అని రెండు గడులుండేవి. ఒక గడి తీస్తే పట్టిక ముచ్చటగా ఉంటుంది నిజమే. ఆ గడిలో ఉన్న మనిషి ఏమి కావాలి? 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. చిందరవందరగా ఉన్న ఇంటిని సర్దేటప్పుడు మొదట చేతికి తగిలినవాటిని పారవేయడం మనందఱికీ అలవాటే. పారవేసిన తరువాత అది తాళంచెవి అని తెలుస్తుంది.

నన్నడిగితే, ఎవరూ అడగరు గాని, కలపడానికి ముందు చదవాలి. ఊరిలో పదిమందిని కూర్చుండబెట్టి పట్టికను గట్టిగా చదివితే సగం తప్పులు ఆ సాయంత్రానికే బయటపడతాయి. ఏ వగైరా ఎవరో చెప్పే ముసలివాళ్ళు ఇంకా నలుగురైదుగురు మిగిలి ఉన్నారు. రెండవది, కరణాలనుండి నేర్చుకోవలసిన పద్ధతి ఒకటుంది. మా తాతగారు తప్పు దిద్దేటప్పుడు ప్రాత పేరును చెఱిపేవారు కారు. సన్నగా ఒక్క గీత కొట్టి, పైన క్రొత్త పేరు వ్రాసి, ప్రక్కన తేదీ వేసి పొడి సంతకం చేసేవారు. గీత క్రింద ప్రాత పేరు చక్కగా చదవవచ్చు. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నది ఆ పుటలోనే ఉండేది. సంగణకంలో ప్రాతదాని మీద క్రొత్తది వ్రాస్తే ప్రాతది మాయం, ఆ మార్పు చరిత్ర ఎక్కడో నిలువ ఉన్నా రైతుకు కనబడదు. అడంగల్‌లో ప్రతి గడి వెనుకనున్న గీతలన్నీ రైతుకు కనిపించాలి. కర్ణాటకలో భూమి అనే పథకం వచ్చిన ఇరవై ఒకటవ శతాబ్దపు తొలి యేళ్ళలో చేతివ్రాత పహాణీలు చెల్లవని, సంగణకపు ప్రతియే చెల్లుతుందని ధైర్యంగా ప్రకటించారు. అక్కడ అది కుదిరింది. మా దగ్గఱ చేతివ్రాత ప్రతి లేకుంటే వదినగారి గతి ఏమయ్యేదో నేను ఊహించలేను.

ఆ ప్రతి కోసం నేను తిరిగింది తక్కువ కాదు. ఫెయిర్ అడంగల్ నకలుకు దరఖాస్తు పెట్టాను. మూడు నెలలకు వచ్చింది. ప్రక్క పుటలో, గొలుసుకట్టులో, ముగ్గురన్నదమ్ముల పేర్లు వరుసగా ఉన్నాయి. చివరిది మా నాన్నగారిది. ఆయన పేరులోని మొదటి అక్షరం మీద సిరా చుక్క పడి అలికింది, అయినా చదవగలిగాను. ఈలోగా కొనేవాడు బయానా వెనక్కు తీసుకుపోయాడు. మనుమరాలి మొదటి యేటి రుసుముకు వదినగారు తమ కాసులపేరు కుదువబెట్టారు. 2024 డిసెంబరులో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టినప్పుడు ఆ నకలునూ నాన్నగారి అమ్మకం ఈసీనీ జతచేసి అర్జీ ఇచ్చాము. అక్కడున్న ఉద్యోగి చాలా చిన్నవాడు, ఓపిక ఉన్నవాడు. గొలుసుకట్టు ఎప్పుడూ చూడలేదట. ప్రక్కన కూర్చుండి వ్రేలితో చూపుతూ చదివి వినిపించాను. ప్రతి పేరునూ మళ్ళీ నా చేత అచ్చు అక్షరాల్లో వ్రాయించుకున్నాడు. నిషేధపు జాబితాలో ఉపవిభాగం చేర్చడానికి ఇంకొక కార్యాలయానికీ, అక్కడనుండి మఱొక కార్యాలయానికీ కాగితం నడిచింది. 2025లో, చవితి ముందు, చేను చెఱువు కాకుండా పోయింది.

క్రొత్త 1-బి తీసుకొని వదినగారి దగ్గఱకు వెళ్ళాను. ఆమె పేరు సరిగా ఉంది. ఒక ఎకరం ఎనభై నాలుగు సెంట్లు, ఒక సెంటు కూడ తేడా లేదు. భర్త పేరు అన్న గడిలో మాత్రం ‘వగైరా’ అని ఉంది. చదివి వినిపించాను. వదినగారు కాసేపు ఏమీ అనలేదు. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వడం మొదలుపెట్టారు.

“బతికున్నన్నాళ్ళూ ఆయన పేరు నా నోటితో చెప్పింది లేదు అబ్బయ్యా. కచ్చేరీలో అడిగితే కూడా పక్కనోళ్ళ చేత చెప్పించేదాన్ని. ఇప్పుడు ఎవురడిగినా చెప్పుకోను బాగుందిలే ఈ పేరు.”

అలాగని వదిలిపెడితే రేపు ఆమె తరువాత పిల్లలకు మళ్ళీ ఇదే తిరుగుడు. ఆ గడిని సవరించవలసిందిగా మఱొక అర్జీ వ్రాసి, ఆమె చేత వ్రేలిముద్ర వేయించి, మరునాడే ఇచ్చి వచ్చాను. రసీదు నా దగ్గఱ ఉంది.